వీడియో ఎడిటింగ్ సిస్టమ్‌లో డ్రైవ్‌లు ఎలా సర్దాలి? ఏ ఫైళ్లు ఎందులో పెట్టాలి?

కొత్తటైమ్‌లైన్:

అందరికీ నమస్కారం. ఎడిటింగ్ కోసం కొత్త సిస్టమ్ సిద్ధమైంది. విండోస్ ఇంకా వేయలేదు. వేసేశాక మళ్లీ అన్నీ అటూ ఇటూ మార్చడం పెద్ద పని కాబట్టి ముందే అడుగుతున్నాను.

నా దగ్గర ఉన్నవి: 1 టీబీ ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం, జెన్ 4), 2 టీబీ ఎన్‌వీఎంఈ (జెన్ 3), 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, 8 టీబీ హార్డ్‌డిస్క్ (7200 ఆర్‌పీఎం), ఇవి కాక బయట తగిలించుకునే 4 టీబీ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఒకటి.

పని ఎక్కువగా డావిన్సీ రిజాల్వ్‌లో, అప్పుడప్పుడు ప్రీమియర్‌లో. ఫుటేజ్ చాలావరకు మిర్రర్‌లెస్ కెమెరా 4కె హెచ్‌ఈవీసీ (బాగా కుదించిన ఫార్మాట్) 10 బిట్. ఇంటర్వ్యూలైతే మూడు నాలుగు కెమెరాల మల్టీక్యామ్. ఒక్కోసారి వేరేవాళ్లు ప్రోరెస్ (తక్కువ కుదించిన, పెద్ద ఫైళ్ల ఫార్మాట్) ఇస్తారు.

పాత సిస్టమ్‌లో సి, డి, ఇ మూడూ ఒకే హార్డ్‌డిస్క్‌ను ముక్కలు చేసినవి. టైమ్‌లైన్ ఆగి ఆగి నడిచేది. ఇప్పుడు ఏ ఫైళ్లు ఎందులో పెడితే బాగుంటుంది? రెండు ఎన్‌వీఎంఈలనూ కలిపి ఒకే డ్రైవ్‌లా వాడే రెయిడ్ 0 చేస్తే స్పీడ్ పెరుగుతుందా?

రష్‌పెట్టె:

నేను మొదటి నుంచీ పాటించేది ఒకటే పద్ధతి. విండోస్, సాఫ్ట్‌వేర్‌లు ఒక డ్రైవ్. ఫుటేజ్ ఇంకో డ్రైవ్. క్యాష్ ఫైళ్లకు (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా రాసుకునేవి) మూడోది. ఎక్స్‌పోర్ట్‌కు నాలుగోది. పూర్తయిన పనులు ఐదోది. మీకు సరిగ్గా ఐదు ఉన్నాయి, ఇంకేం కావాలి. చదివేది ఒక డ్రైవ్ నుంచి, రాసేది ఇంకో డ్రైవ్‌లోకి అయితే దేనికీ అడ్డం ఉండదు.

ఫ్రేమ్‌లెక్క:

రష్‌పెట్టె గారు చెప్పింది హార్డ్‌డిస్క్‌ల కాలంలో నూటికి నూరుపాళ్లు నిజం. హార్డ్‌డిస్క్‌లో చదవడానికీ రాయడానికీ ఒకేసారి కదిలే హెడ్ ఉంటుంది. ఫుటేజ్ ఒకచోట, రాసే ఫైల్ ఇంకోచోట ఉంటే ఆ హెడ్ పళ్లెం మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరగాలి. ఒక్కో తిరుగుడికి 10 మిల్లీసెకన్ల దాకా పోతుంది. వరసగా చదివితే సెకనుకు 200 ఎంబీ ఇచ్చే డిస్క్ కూడా అలా తిప్పితే 50 కంటే కిందకు పడిపోతుంది. అందుకే పనికొకటి చొప్పున విడివిడి డ్రైవ్‌లు పెట్టేవారు. పాత సిస్టమ్‌లో సి, డి, ఇ ఒకే డిస్క్ అన్నారు కదా, అక్కడ పార్టిషన్ చేయడం వల్ల ఒరిగిందేమీ లేదు. పేర్లు మూడైనా హెడ్ ఒకటే.

ఎన్‌వీఎంఈలో హెడ్డూ లేదు, తిరుగుడూ లేదు. జెన్ 3 అయితే సెకనుకు 3,500 ఎంబీ వరకు, జెన్ 4 అయితే 7,000 వరకు చదువుతుంది. మీరు హెచ్.264లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు డ్రైవ్‌లోకి రాసేది సెకనుకు మహా అయితే పది పదిహేను ఎంబీ. దానికోసం ఒక డ్రైవ్‌ను ప్రత్యేకంగా కేటాయించడం వృథా.

ఇంకో సంగతి. టైమ్‌లైన్ ఆగి ఆగి నడిస్తే తప్పు డ్రైవ్‌దే అని అందరూ అనుకుంటారు. మీ కెమెరా ఫుటేజ్ 200 మెగాబిట్‌లు అనుకుందాం. అంటే సెకనుకు 25 ఎంబీ. దాన్ని మామూలు హార్డ్‌డిస్క్ కూడా తేలిగ్గా ఇస్తుంది. కష్టమంతా దాన్ని విప్పడంలోనే. హెచ్‌ఈవీసీ 10 బిట్ 4:2:2 (రంగు వివరాలు ఎక్కువగా ఉండే రకం) అయితే మరీను. ఇంటెల్‌లో 11వ తరం నుంచి క్విక్‌సింక్ (ప్రాసెసర్‌లోనే ఉండే వీడియో విభాగం) దీన్ని విప్పుతుంది. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే 4:2:2 వచ్చింది. మీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ ఈ రెంటిలో ఏదీ కాకపోతే ఎన్ని ఎన్‌వీఎంఈలు పెట్టినా టైమ్‌లైన్ అలాగే ఉంటుంది.

కాబట్టి ముందు చూడాల్సింది టాస్క్ మేనేజర్. టైమ్‌లైన్ ప్లే చేస్తూ పర్‌ఫార్మెన్స్ ట్యాబ్ తెరవండి. సీపీయూ 100 శాతం దగ్గర కొట్టుకుంటూ, డిస్క్ 5, 6 శాతం దగ్గరే ఉంటే అది డ్రైవ్ సమస్య కాదు. డిస్క్ 100 శాతం చూపిస్తూ సీపీయూ ఖాళీగా ఉంటే అప్పుడు డ్రైవ్‌ను అనుమానించండి.

కొత్తటైమ్‌లైన్:

ఇది నాకు కొత్త విషయం, చాలా థ్యాంక్స్ అండీ. పాత సిస్టమ్ ఇంకా పక్కనే ఉంది కాబట్టి ఇప్పుడే పెట్టి చూశాను. ఒక కెమెరా క్లిప్ ప్లే చేస్తే సీపీయూ 98 శాతం, డిస్క్ 7 శాతం. నాలుగు కెమెరాల మల్టీక్యామ్ తెరిస్తే మాత్రం డిస్క్ కూడా 100కు వెళ్లింది. అంటే రెండు సమస్యలూ ఉన్నట్టేనా?

ఫ్రేమ్‌లెక్క:

అవును, రెండూ ఉన్నాయి. నాలుగు క్లిప్పులు ఒకేసారి చదవాలంటే హెడ్ నాలుగు చోట్లకు తిరగాలి. లెక్క చూస్తే 4 × 25, మొత్తం సెకనుకు 100 ఎంబీయే. కానీ అవి డిస్క్ మీద నాలుగు వేర్వేరు చోట్ల ఉన్నాయి.

ప్రోరెస్ అయితే అసలు లెక్కే దాటిపోతుంది. యూహెచ్‌డీ (4కె) 24 ఫ్రేమ్‌లకు ప్రోరెస్ 422 సుమారు 471 మెగాబిట్‌లు. నాలుగు కెమెరాలంటే 1,884 మెగాబిట్‌లు, అంటే సెకనుకు 235 ఎంబీ. మామూలు హార్డ్‌డిస్క్ ఏదీ నాలుగు చోట్ల నుంచి చదువుతూ ఇంత నిలకడగా ఇవ్వదు. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా ఇస్తుంది కాబట్టి సగం శక్తితోనే మోస్తుంది. అదే ఫుటేజ్‌కు 1080లో ప్రోరెస్ ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి కాపీలు) చేసుకుంటే ఒక్కోటి 36 మెగాబిట్‌లు, నాలుగూ కలిపి సెకనుకు 18 ఎంబీ. పైగా ప్రోరెస్‌ను విప్పడం హెచ్‌ఈవీసీ కంటే సీపీయూకి చాలా తేలిక. మీ రెండు సమస్యలకూ ప్రాక్సీయే మందు.

డేటాకాపరి:

స్పీడ్ లెక్కలన్నీ సరే. నేను మాత్రం డ్రైవ్‌లను సర్దేటప్పుడు ముందు వేరే ప్రశ్న వేసుకుంటాను. ఈ డ్రైవ్ రేపు పొద్దున ఆన్ కాకపోతే నాకు పోయేదేమిటి?

విండోస్, సాఫ్ట్‌వేర్‌లు పోతే ఒక పూట శ్రమ. క్యాష్ పోతే ఏమీ కాదు, సాఫ్ట్‌వేరే మళ్లీ తయారు చేసుకుంటుంది. ప్రాక్సీలు పోతే రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి మళ్లీ తయారవుతాయి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ పోతే ప్రాజెక్ట్ ఉన్నంతవరకు మళ్లీ తీయొచ్చు. కానీ షూట్ చేసిన ఫుటేజ్ పోతే? ఆ మనిషి మళ్లీ ఆ మాట అదే గొంతుతో చెప్పడు. ప్రాజెక్ట్ ఫైల్ పోతే మన ఆలోచన, రోజుల తరబడి పెట్టిన కట్‌లు అన్నీ పోయినట్టే. ప్రాజెక్ట్ ఫైల్ చూస్తే కొన్ని ఎంబీలే ఉంటుంది. అందుకే దాని కాపీ తీయడం అందరూ మరిచిపోతారు.

కాబట్టి మళ్లీ తయారయ్యేవన్నీ ఒక గుంపు, మళ్లీ దొరకనివి ఒక గుంపు. మొదటి గుంపుకు కాపీ అక్కర్లేదు, స్పీడ్ ఉంటే చాలు. రెండో గుంపుకు కాపీలు ముందు, స్పీడ్ తర్వాత. ఈ రెండు గుంపులూ ఒకే డ్రైవ్‌లో కలవకుండా చూసుకుంటే చాలు, ఎన్ని డ్రైవ్‌లు అన్నది ఆ తర్వాత మాట. కలిపేస్తే ఏమవుతుందో చూడండి: డ్రైవ్ నిండిపోయిందని హడావిడిగా క్యాష్ తుడిచేస్తుంటే పక్కనే ఉన్న ఫుటేజ్ ఫోల్డర్ కూడా సెలెక్ట్ అయిపోయే ప్రమాదం ఉంది.

రష్‌పెట్టె:

డేటాకాపరి గారి మాట ఒప్పుకుంటాను. నేను డ్రైవ్‌లు విడిగా ఉండాలన్నది కూడా చివరికి అందుకే. అయితే రెయిడ్ 0 గురించి ఎవరూ చెప్పలేదు. క్యాష్‌కు మాత్రం రెయిడ్ 0 బాగుంటుందని నా అభిప్రాయం. పోయినా నష్టం లేదు కదా.

బోర్డుమనిషి:

ఈయన దగ్గరున్న రెండింటినీ కలిపితే లాభం లేదండీ. ఒకటి 1 టీబీ, ఇంకోటి 2 టీబీ. రెయిడ్ 0లో చిన్నదాని సైజే లెక్క, కాబట్టి మొత్తం 2 టీబీ వస్తుంది, 1 టీబీ ఊరికే మిగిలిపోతుంది. స్పీడ్ కూడా రెంటిలో నెమ్మదిదానికి రెట్టింపు మాత్రమే. రెంటిలో ఏ ఒక్కటి పోయినా మొత్తం డేటా పోతుంది. విండోస్ కూడా అందులోనే వేస్తే తలనొప్పి ఇంకా ఎక్కువ. ఇంత చేసినా టైమ్‌లైన్‌లో తేడా కంటికి కనపడదు, ఎందుకంటే ఒక్క జెన్ 3 ఎన్‌వీఎంఈయే మీ అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తోంది.

దానికంటే ముందు మదర్‌బోర్డ్ మాన్యువల్ తీసి ఎం.2 స్లాట్‌ల (ఎన్‌వీఎంఈలు పెట్టే చోట్ల) పేజీ చదవండి. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న స్లాట్ సాధారణంగా నేరుగా ప్రాసెసర్‌కే కలుస్తుంది. మిగతావి చిప్‌సెట్ (బోర్డు మీదుండే ఇంకో చిప్) ద్వారా వెళ్తాయి. సాటా పోర్టులు, చాలావరకు యూఎస్‌బీ, నెట్‌వర్క్ కూడా అదే చిప్‌సెట్ మీద ఉంటాయి. ఒకే కుళాయి కింద వరసగా బిందెలు పెట్టినట్టు, అన్నీ ఒకేసారి పట్టుకుంటేనే ధార సన్నబడుతుంది. ఎడిటింగ్‌లో అలాంటి పరిస్థితి అరుదు.

అసలు చిక్కు ఇది: కొన్ని బోర్డుల్లో ఫలానా ఎం.2 స్లాట్‌లో డ్రైవ్ పెడితే ఫలానా రెండు సాటా పోర్టులు పనిచేయవు. హార్డ్‌డిస్క్ కనపడటం లేదని కేబుల్ మార్చి, డిస్క్ మార్చి, చివరికి విసిగిపోయి ఇక్కడికి వచ్చే వాళ్లను చాలామందిని చూశాను. పోర్టు మారిస్తే సరిపోతుంది. ఇంకొన్ని బోర్డుల్లో ఒక స్లాట్ వాడితే గ్రాఫిక్స్ కార్డ్‌కు 16 లేన్‌ల (డేటా వెళ్లే దారుల) బదులు 8 లేన్‌లే అందుతాయి. అదీ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది.

జెన్ 4 డ్రైవ్‌కు హీట్‌సింక్ తప్పకుండా వేయండి. హీట్‌సింక్ కింద ఉండే సన్నటి ప్లాస్టిక్ పొరను తీసేసి వేయండి. అది తీయకపోతే వేడి బయటకు పోదు, డ్రైవ్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

రంగులగది:

నేను గ్రేడింగ్ (రంగులు సరిదిద్దే పని) చేస్తాను, కాబట్టి రిజాల్వ్ సంగతి చెప్తాను.

రిజాల్వ్‌లో ప్రిఫరెన్సెస్, సిస్టమ్, మీడియా స్టోరేజ్‌కు వెళ్లండి. అక్కడ లిస్ట్‌లో మొదట ఉన్న డ్రైవ్‌లోనే క్యాష్, గ్యాలరీ స్టిల్స్ (గ్రేడ్‌తో పాటు దాచుకునే ఫ్రేమ్‌లు) పడతాయి. చాలామంది దాన్ని ముట్టుకోరు, క్యాష్ వెళ్లి సి డ్రైవ్‌లో కూర్చుంటుంది. కొన్నాళ్లకు విండోస్‌కే చోటు ఉండదు. కాబట్టి క్యాష్ డ్రైవ్‌ను ఆ లిస్ట్‌లో మొదట పెట్టండి. ప్రాజెక్ట్ వారీగా మార్చాలంటే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో మాస్టర్ సెట్టింగ్స్ కింద వర్కింగ్ ఫోల్డర్స్ ఉంటుంది. అక్కడ ప్రాక్సీలకు, క్యాష్‌కు, స్టిల్స్‌కు వేర్వేరు ఫోల్డర్‌లు ఇవ్వొచ్చు. స్టిల్స్ మాత్రం క్యాష్‌తో పాటు ఉంచకండి. గ్రేడ్‌లు అందులో ఉంటాయి, అవి మళ్లీ తయారయ్యేవి కావు.

అన్నిటికంటే ముఖ్యం, రిజాల్వ్ ప్రాజెక్ట్ మీ ఫుటేజ్ ఫోల్డర్‌లో ఉండదు. ప్రాజెక్ట్ లైబ్రరీ అనే డేటాబేస్‌లో ఉంటుంది, అది మామూలుగా సి డ్రైవ్‌లో లోపలెక్కడో దాగి ఉంటుంది. విండోస్ మళ్లీ వేస్తే దానితోపాటే పోతుంది. యూజర్ ప్రిఫరెన్సెస్‌లో ప్రాజెక్ట్ సేవ్ అండ్ లోడ్ కింద లైవ్ సేవ్, ప్రాజెక్ట్ బ్యాకప్స్ రెండూ ఆన్ చేసి, బ్యాకప్‌ల చోటును వేరే డ్రైవ్‌కు మార్చండి. పని పూర్తయ్యాక ప్రాజెక్ట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైల్‌ను ఫుటేజ్ పక్కనే పెట్టండి.

ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, మీడియా క్యాష్‌లో రెండు దారులు అడుగుతుంది: క్యాష్ ఫైళ్లకు ఒకటి, క్యాష్ డేటాబేస్‌కు ఒకటి. రెండూ క్యాష్ డ్రైవ్‌కే మార్చండి.

కొత్తటైమ్‌లైన్:

క్యాష్‌కు అన్నిటికంటే స్పీడ్ ఉన్న డ్రైవే ఇవ్వాలని చాలాచోట్ల చదివాను. నా జెన్ 4ను క్యాష్‌కు ఇచ్చి విండోస్‌ను సాటాలో వేయాలా?

రంగులగది:

మీ పనికి అక్కర్లేదు. క్యాష్‌ను ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో పెట్టినా యూహెచ్‌డీ 24 ఫ్రేమ్‌లకు 707 మెగాబిట్‌లు, సెకనుకు 88 ఎంబీ. సాటా ఎస్‌ఎస్‌డీకి అది ఒక లెక్క కాదు. విండోస్, సాఫ్ట్‌వేర్‌లు, డేటాబేస్ చిన్న చిన్న ఫైళ్లను అక్కడక్కడ చదువుతుంటాయి కాబట్టి ఎన్‌వీఎంఈ వల్ల లాభం వాటికే ఎక్కువ.

నిజంగా ఎన్‌వీఎంఈ స్పీడ్ కావాల్సింది ఈఎక్స్‌ఆర్ సీక్వెన్స్‌లతో (ఒక్కో ఫ్రేమూ ఒక్కో బొమ్మ ఫైల్‌గా ఉండేవి) పని చేసేవాళ్లకు. యూహెచ్‌డీలో 16 బిట్ ఈఎక్స్‌ఆర్ కంప్రెస్ చేయకపోతే ఒక్కో ఫ్రేమే దాదాపు 50 ఎంబీ. 24 ఫ్రేమ్‌లకు సెకనుకు 1,200 ఎంబీ. అక్కడ సాటా చేతులెత్తేస్తుంది. వీఎఫ్‌ఎక్స్ షాట్లు వస్తే అవి మాత్రం ఎన్‌వీఎంఈలో పెట్టుకోండి.

డేటాకాపరి:

ఎస్‌ఎస్‌డీ గురించి ఇంకో మాట. బాక్స్ మీద ఉండే స్పీడ్ చూసి మోసపోవద్దు. డ్రైవ్‌లో కొంత భాగాన్ని ఎస్‌ఎల్‌సీ క్యాష్‌గా (వేగంగా రాసే తాత్కాలిక చోటుగా) వాడుకుని రాసేటప్పుడు వేగంగా చూపిస్తాయి. అది నిండాక అసలు రంగు బయటపడుతుంది. క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో 4 బిట్‌లు దాచే రకం) డ్రైవ్‌లోకి 500 జీబీ కార్డులు వరసగా కాపీ చేస్తుంటే కాపీ విండోలో పచ్చటి గీత మొదట పైన గోడలా సాఫీగా వెళ్తుంది. ఓ చోట ఒక్కసారిగా దిగి, అక్కణ్నుంచి చివరిదాకా హార్డ్‌డిస్క్ కంటే నెమ్మదిగా పాకుతుంది. డ్రైవ్ చెడిపోయిందేమో అని టెన్షన్ పడక్కర్లేదు, దాని తత్వమే అంత. ఫుటేజ్ దింపుకునే డ్రైవ్ టీఎల్‌సీ (సెల్‌కు 3 బిట్‌లు) అయితే మంచిది. మీ 2 టీబీ ఏ రకమో చూసుకోండి.

డ్రైవ్ నిండేకొద్దీ ఆ ఎస్‌ఎల్‌సీ భాగం కూడా కుంచించుకుపోతుంది. కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి.

కొత్తటైమ్‌లైన్:

క్యాష్ రోజూ రాస్తూ ఉంటే ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోదా? అదొక భయం ఉంది.

ఫ్రేమ్‌లెక్క:

1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లకు సాధారణంగా 600 టీబీ దాకా రాతలకు గ్యారంటీ ఇస్తారు. రోజుకు 100 జీబీ క్యాష్ రాశారనుకున్నా 6,000 రోజులు, అంటే 16 ఏళ్లు. ఆ డ్రైవ్‌ను అంతకంటే చాలా ముందే మార్చేస్తారు. భయం లేకుండా వాడండి.

ఆఫ్‌లైన్‌క్లిప్:

ఇన్ని పోస్ట్‌లలో డ్రైవ్ లెటర్ గురించి ఎవరూ ఎత్తలేదు. విండోస్‌లో రోజూ ఏడిపించేది అదే. ఈ రోజు యూఎస్‌బీ డిస్క్ ఎఫ్ డ్రైవ్‌గా వస్తుంది, రేపు పెన్‌డ్రైవ్ ముందు పెడితే అది జి అవుతుంది. ప్రాజెక్ట్ తెరిస్తే టైమ్‌లైన్ మొత్తం ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ప్రతి డ్రైవ్‌కూ మీరే లెటర్ ఇవ్వండి, అది కూడా అక్షరమాలలో చివరివి. ఫుటేజ్‌కు ఆర్, క్యాష్‌కు టి, ఆర్కైవ్‌కు ఎక్స్, ఇలా. విండోస్ కొత్త డ్రైవ్‌లకు మొదటి అక్షరాల నుంచి ఇచ్చుకుంటూ వస్తుంది కాబట్టి ఇవి కలవవు. డ్రైవ్‌కు పేరు కూడా పెట్టండి, "న్యూ వాల్యూమ్" అని వదిలేయకండి. డిస్క్ మీద స్టిక్కర్ వేసి అదే పేరు రాయండి.

ఫోల్డర్‌ల విషయంలో నా పద్ధతి: ప్రతి పనికీ ఒకే పెద్ద ఫోల్డర్, తేదీతో మొదలయ్యే పేరు. లోపల కెమెరా, సౌండ్, గ్రాఫిక్స్, ప్రాజెక్ట్, ఎక్స్‌పోర్ట్. కెమెరా లోపల కార్డుకు ఒక ఫోల్డర్. కార్డులోని ఫోల్డర్‌లను ఉన్నవి ఉన్నట్టే దింపాలి, క్లిప్పులను మాత్రమే ఏరి తీయకూడదు. కొన్ని కెమెరాలు పొడవాటి క్లిప్పును ముక్కలు చేసి, వాటిని కలిపే సమాచారాన్ని పక్క ఫైళ్లలో పెడతాయి. అవి వదిలేస్తే ముక్కల మధ్య ఒకటి రెండు ఫ్రేమ్‌లు తేడా వస్తాయి. ఖాళీ ఫోల్డర్‌ల సెట్ ఒకటి తయారు చేసి పెట్టుకుని ప్రతి పనికీ కాపీ చేసుకోండి. ఇలా అయితే ఫుటేజ్ ఏ డ్రైవ్‌కు మారినా పై ఫోల్డర్ ఒక్కటి చూపిస్తే చాలు, క్షణాల్లో రీలింక్ అవుతుంది (ప్రాజెక్ట్‌కు ఫైళ్లు మళ్లీ దొరుకుతాయి).

డెస్క్‌టాప్‌లోనూ డాక్యుమెంట్స్‌లోనూ ఏ ప్రాజెక్టూ పెట్టకండి. క్లౌడ్ సింక్ ఆన్‌లో ఉంటే ఆ ఫోల్డర్‌లు ఆన్‌లైన్‌కు వెళ్లిపోయి, ఫైల్ ఉన్నట్టు పేరు కనిపిస్తుంది కానీ అసలు ఫైల్ డ్రైవ్‌లో ఉండదు.

డేటాకాపరి:

ఇక కాపీల సంగతి. 3-2-1 అని ఒక పద్ధతి ఉంది, దీన్ని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చారు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, అందులో ఒకటి వేరే చోట. మీ డ్రైవ్‌లతోనే ఇది చేయొచ్చు. 2 టీబీ ఎన్‌వీఎంఈలో ఒకటి, 8 టీబీ హార్డ్‌డిస్క్‌లో ఒకటి, యూఎస్‌బీ డిస్క్‌లో ఒకటి. ఆ యూఎస్‌బీ డిస్క్ సిస్టమ్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచకూడదు. కాపీ అయ్యాక తీసి వేరే గదిలో, వీలైతే వేరే ఇంట్లో పెట్టాలి. కరెంటు దెబ్బ కొట్టినా, వైరస్ ఫైళ్లకు తాళం వేసినా తగిలించి ఉన్న డిస్క్‌లన్నీ ఒకేసారి పోతాయి.

ముందు ముందు రెయిడ్ 1, రెయిడ్ 5 (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్క్‌లను కలిపే పద్ధతులు) పెట్టుకున్నా అది బ్యాకప్ కాదు. డిస్క్ చచ్చిపోతే పని ఆగకుండా చూస్తుంది, అంతే. మీరు డిలీట్ కొడితే రెయిడ్‌లోని అన్ని డిస్క్‌లలోనూ డిలీట్ అవుతుంది.

కార్డు నుంచి దింపేటప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో లాగి వదలడం కాకుండా చెక్‌సమ్ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) సరిచూసే పద్ధతి వాడండి. రిజాల్వ్ మీడియా పేజీలోనే క్లోన్ టూల్ ఉంది, ఒకేసారి రెండు డ్రైవ్‌లకు కాపీ చేసి సరిచూస్తుంది. రెండు చోట్లా సరిగ్గా పడిందని తేలేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు. ఈ విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను.

రష్‌పెట్టె:

చెక్‌సమ్ అంటే టైమ్ దాదాపు రెట్టింపు అవుతుంది కదండీ. షూట్ మధ్యలో కార్డు కోసం కెమెరామన్ నిలబడి ఉంటే అంతసేపు ఎవరు ఆగుతారు? నేను ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయా అని చూసి, మొదట్లో మధ్యలో చివర్లో కొన్ని క్లిప్పులు ప్లే చేస్తాను.

డేటాకాపరి:

సైజు సరిపోయినా లోపల డేటా పాడై ఉండొచ్చు, అక్కడే ప్రమాదం. క్లిప్ మధ్యలో ఎక్కడో నాలుగు ఫ్రేమ్‌లు పచ్చగా గళ్లుగళ్లుగా వస్తాయి, అది ఎడిట్‌లో కూర్చున్నాకే తెలుస్తుంది. అప్పటికి కార్డు మీద ఇంకో షూట్ పడి ఉంటుంది. టైమ్ లేకపోతే ఇంకో కార్డు పెట్టుకోవాలి గానీ సరిచూడటం మానకూడదు. అయినా మీ పద్ధతి ఏమీ చూడని దానికంటే ఎంతో నయం, అది కాదనను.

బోర్డుమనిషి:

హార్డ్‌డిస్క్ ఆరోగ్యం గురించి రెండు మాటలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటిది వేసి నెలకోసారి చూడండి. 05 రీఅలకేటెడ్ సెక్టార్స్, సీ5 పెండింగ్ సెక్టార్స్ సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ను నమ్మకండి, వెంటనే ఖాళీ చేయండి. సీ7 సీఆర్‌సీ ఎర్రర్స్ పెరిగితే మాత్రం చాలాసార్లు అది డిస్క్ తప్పు కాదు, సాటా కేబుల్ తప్పు. కేబుల్ మార్చి అంకె ఆగిందో లేదో చూడండి.

ఆర్కైవ్‌కు ఎస్‌ఎస్‌డీ వద్దు. కరెంటు లేకుండా బీరువాలో ఉంచితే సెల్స్‌లోని చార్జ్ మెల్లగా కారిపోతుంది. జెడెక్ (మెమరీ చిప్‌ల ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ప్రకారం మామూలు ఎస్‌ఎస్‌డీ తన రాతల జీవితం పూర్తయ్యాక 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలబెడితే చాలు. కొత్త డ్రైవ్ ఇంకా ఎక్కువే నిలబెడుతుంది, అయినా ఏళ్ల తరబడి దాచే పని హార్డ్‌డిస్క్‌దే. దాన్ని కూడా ఏడాదికి ఒకసారైనా తగిలించి తిప్పి చూడాలి.

యూఎస్‌బీ డిస్క్‌కు దాంతో వచ్చిన కేబులే వాడండి. ఫోన్ చార్జింగ్ కేబుల్ పెడితే చాలావరకు అది యూఎస్‌బీ 2 స్పీడే, సెకనుకు 40 ఎంబీ దాటదు.

కొత్తటైమ్‌లైన్:

అందరికీ మరోసారి థ్యాంక్స్. విండోస్ వేసి మీరు చెప్పినవన్నీ పెట్టుకుని సర్దాను. ఇలా ఉంది:

జెన్ 4 1 టీబీ: విండోస్, సాఫ్ట్‌వేర్‌లు, రిజాల్వ్ ప్రాజెక్ట్ లైబ్రరీ. జెన్ 3 2 టీబీ, ఆర్ డ్రైవ్: ఇప్పుడు చేస్తున్న పనుల ఫుటేజ్ (టీఎల్‌సీయే, చూసుకున్నాను). సాటా 1 టీబీ, టి డ్రైవ్: క్యాష్, ప్రాక్సీలు మాత్రమే. 8 టీబీ, ఎక్స్ డ్రైవ్: ఫుటేజ్ రెండో కాపీ, ప్రాజెక్ట్ బ్యాకప్‌లు, స్టిల్స్, ఎక్స్‌పోర్ట్‌లు, పూర్తయిన పనులు. యూఎస్‌బీ 4 టీబీ: మూడో కాపీ, తీసి వేరే చోట.

బోర్డుమనిషి గారు చెప్పినట్టే మాన్యువల్‌లో ఉంది, రెండో ఎం.2 స్లాట్ వాడితే 5, 6 సాటా పోర్టులు పనిచేయవట. హార్డ్‌డిస్క్‌ను 2కు మార్చాను. నాలుగు కెమెరాల మల్టీక్యామ్‌కు ప్రాక్సీలు చేసి ప్లే చేస్తే సీపీయూ 30 శాతం దాటలేదు, ఒక్క ఫ్రేమ్ కూడా ఆగలేదు. ప్రాక్సీలు ఆపి అసలు ఫుటేజ్ పెడితే మళ్లీ సీపీయూ 90కి వెళ్తోంది, డిస్క్ మాత్రం 3 శాతమే. ఫ్రేమ్‌లెక్క గారి మాట కళ్లారా చూశాను.

ఒక్క అనుమానం. 8 టీబీ నిండితే యూఎస్‌బీ 4 టీబీ మూడో కాపీకి చాలదు కదా?

డేటాకాపరి:

చాలదు. దాంట్లో ముందు అసలు ఫుటేజ్, ప్రాజెక్ట్ ఫైళ్లు మాత్రమే పెట్టండి. ఎక్స్‌పోర్ట్‌లలో ఫైనల్ ఒక్కటి చాలు, క్యాష్, ప్రాక్సీలు అసలు వద్దు. అది నిండేలోపు ఇంకో డిస్క్ తెచ్చుకోండి. కొత్త పని ఒప్పుకునేటప్పుడే దాని ఫుటేజ్ మూడు కాపీలకు ఎంత చోటు కావాలో లెక్కేసుకోవడం అలవాటు చేసుకోండి. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ యూహెచ్‌డీ 24 ఫ్రేమ్‌లలో గంటకు 318 జీబీ, మూడు కాపీలంటే టీబీకి దగ్గర.

ఆఫ్‌లైన్‌క్లిప్:

కొత్త డిస్క్ తెచ్చేటప్పుడు అది సీఎంఆరో (ట్రాక్‌లు విడివిడిగా రాసేది) ఎస్‌ఎంఆరో (ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా రాసేది) కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో చూసుకోండి. ఎస్‌ఎంఆర్ మీద పెద్ద కాపీలు మధ్యలో బాగా నెమ్మదిస్తాయి, రెయిడ్‌లోకైతే అస్సలు పనికిరాదు. ఒకసారి రాసి దాచేసే మూడో కాపీకి మాత్రం పర్లేదు.

కొత్తటైమ్‌లైన్:

ఇప్పుడే చూశాను, నా 8 టీబీ సీఎంఆర్ అనే ఉంది. యూఎస్‌బీది ఎస్‌ఎంఆర్. అది మూడో కాపీకే కాబట్టి అలాగే ఉంచుతున్నాను. పాత సిస్టమ్‌లోని ఫుటేజ్‌ను క్లోన్ టూల్‌తో ఎక్స్ డ్రైవ్‌లోకి దింపడం మొదలుపెట్టాను, సరిచూడటం పూర్తయ్యేదాకా పాత డిస్క్‌ను తుడవను.